ఫోనులో ఆట – విద్యార్థి వేళ

ఆట మానవునికి సహజమైన ప్రవృత్తి. పసిబిడ్డ మాట నేర్వకముందే ఆట నేర్చుకుంటాడు. మన పల్లెలలో వయసు మళ్ళినవారు సైతం చెట్టు క్రింది బండపై గీతలు గీసి పులిమేక ఆడుకోవడం, స్త్రీలు చింతగింజలు విసిరి అష్టాచెమ్మా ఆడుకోవడం మనమెరిగినదే. పాత ముస్లిం కుటుంబాలలో పచ్చీసు బట్ట పరచి గవ్వలు వేసే అలవాటు ఉండేది. కనుక ఆట దోషమని, ఆడేవాడు చెడిపోయినాడని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అటువంటి ఉపన్యాసాలు విద్యార్థులు ఇప్పటికే చాలినన్ని విని ఉన్నారు. విన్నంతసేపు తల ఊపి, బయటికి వెళ్ళగానే ఫోను తీయడం కూడా వారికి అలవాటైపోయినది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం వేరు. బస్సు కోసం వేచి ఉన్నప్పుడు పది నిమిషాలు కాలక్షేపానికి ఆడే ఆట గురించి ఎవరికీ పేచీ లేదు. నలుగురు జట్టుకట్టి, ర్యాంకు పెంచుకోవాలనే పట్టుదలతో, నెలల తరబడి ఆడే ఆట సంగతి ఏమిటి? అది కూడా ఒక విధమైన సాధనే. దానికి ఏకాగ్రత కావాలి, సమయస్ఫూర్తి కావాలి. అటువంటి ఆటకు, సెమిస్టరు చదువుకు, ఇంటికి, స్నేహానికి పొత్తు కుదిరే మార్గం ఉన్నదా? ఉన్నదనే నా అభిప్రాయం. అయితే ఆ మార్గం మనం సాధారణంగా వెదికే చోట లేదు.

మొదట ఒక నాలుగు రోజుల చరిత్ర చెప్పుకోవాలి. 2020 ఆగస్టు 30న ప్రపంచ చదరంగ సమాఖ్య నిర్వహించిన ఆన్‌లైన్ ఒలింపియాడ్ అంతిమ పోటీ జరిగినది. కోవిడ్ మహమ్మారి కారణంగా ఎవరి ఇంట్లో వారు కూర్చుండి అంతర్జాలంలో ఆడిన పోటీ అది. భారత జట్టులో మన తెలుగువారు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. అంతిమ పోటీలో అంతర్జాలం అంతరాయం వల్ల ఇద్దరు భారత క్రీడాకారులు తమ ఆటలను కోల్పోగా, విషయాన్ని విచారించి భారత, రష్యా జట్లను సంయుక్త విజేతలుగా ప్రకటించినారు. తరువాత రెండు రోజులకు, సెప్టెంబరు 1న, తెలంగాణలో పాఠశాల పిల్లలకు దూరదర్శన్, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు ప్రారంభమైనవి. టీవీ లేని ఇంట్లో ఫోనే పలక అయినది. ఆ మరుసటి రోజే, సెప్టెంబరు 2న, కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించినది. వాటిలో పబ్‌జీ మొబైల్ ఒకటి.

ఈ మూడు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ఒకే తెర, ఒకే వారం. ఒకచోట అది దేశానికి స్వర్ణం తెచ్చిన క్రీడారంగం, ఒకచోట తరగతి గది, మరొకచోట నిషిద్ధ వస్తువు. నేడు కళాశాలలో చదువుతున్న తరం ఫోనును తన చేతిలోకి అందుకున్నది సరిగ్గా ఆ రోజులలోనే. పాఠం కోసమని తల్లిదండ్రులు అప్పు చేసి కొనిచ్చిన ఫోనులో పాఠం ఆగిపోయినది, ఆట మిగిలిపోయినది. ఇందులో పిల్లల తప్పు ఎంత అనేది పెద్దలు కొంచెం నిదానించి ఆలోచించవలసిన ప్రశ్న.

నిషేధం వల్ల ఆట ఆగలేదు. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో తిరిగి వచ్చినది. 2022 జులైలో అదీ తొలగింపబడినది. 2023 మే నెలలో కాలపరిమితులతో మళ్ళీ అనుమతింపబడినది. పద్దెనిమిదేండ్లు నిండనివారికి రోజుకు 3 గంటలు, మిగిలినవారికి 6 గంటలు అని ఆ పరిమితి. రోజుకు ఆరు గంటలు! అది పరిమితి అనిపించుకోవడం వింతగా లేదూ? కూలికి వెళ్ళినవాడు చెరకు తోటలో పనిచేసే వేళ కూడా ఇంచుమించు అంతే.

ఇతర దేశాలు కూడా గంటలతోనే కుస్తీ పట్టినవి. దక్షిణ కొరియా 2011లో పదహారేండ్ల లోపువారు అర్ధరాత్రి నుండి ఉదయం ఆరు గంటలవరకు ఆన్‌లైన్ ఆటలు ఆడరాదని శాసించి, పదేండ్ల తరువాత ఆ శాసనాన్ని తానే విరమించుకున్నది. చైనా 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలలోను, సెలవు రోజులలోను మాత్రమే, అదీ రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకే అనుమతించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దృష్టి మాత్రం కొంత భిన్నంగా ఉన్నది. 2019లో ఆమోదింపబడి 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణలో ఆటల వ్యసనానికి ఒక స్థానం కల్పించినారు. అయితే ఆ నిర్వచనంలో గంటల లెక్క ఎక్కడా లేదు. ఆటపై అదుపు తప్పుట, ఇతర పనులన్నింటికంటె ఆటకే ప్రాధాన్యం పెరుగుట, నష్టం కళ్ళకు కనబడుతున్నా ఆడుట కొనసాగుట – ఈ మూడు లక్షణాలు సాధారణంగా ఏడాదిపాటు కనబడితే, జీవితంలో గణనీయమైన హాని జరుగుతుంటే, అప్పుడు మాత్రమే దానిని వ్యాధి అన్నారు. ఎక్కువ ఆడేవాడల్లా రోగి కాడు. తక్కువ ఆడేవాడు నిశ్చింతగా ఉండవచ్చుననీ కాదు.

మరి మధ్యలో ఉన్న సాధారణ విద్యార్థి మాటేమిటి? అతడు రోగి కాడు, కాని పరీక్ష ముందురాత్రి రెండు గంటలవరకు మేల్కొని ఆడుతున్నాడు. దీనికి కారణం బలహీనమైన మనస్సు అని సులభంగా అనేస్తాము. నా దృష్టిలో ప్రధాన కారణం ఆట నిర్మాణంలోనే ఉన్నది. ఆ నిర్మాణం తెలియకుండా చేసే హితబోధ వృథా.

కబడ్డీకి రెండు అర్ధభాగాలు ఉంటాయి. చీకటి పడితే క్రికెట్ ఆగిపోతుంది, బంతి కనబడదు గనుక. వాన వస్తే ఆగుతుంది, ఎవరి ఇంటినుండైనా పిలుపు వస్తే ఆగుతుంది. పాత ఆటలన్నింటికీ ముగింపు బయటనుండి వచ్చేది. ఫోనులోని ఆటకు చీకటి లేదు, వాన లేదు, ఎదుటి జట్టు ఇంటికి వెళ్ళిపోవడం లేదు. ఒకరు వెళ్ళిపోతే క్షణాలలో మరొక నూరుగురిని వెదికి తెచ్చి కూర్చోబెట్టే యంత్రం ఉన్నది.

బీజీఎంఐనే తీసుకోండి. సుమారు నూరుగురు ఆటగాళ్ళు ఒక ద్వీపంపై పారాచూట్లతో దిగుతారు. ఆయుధాలు ఏరుకుంటారు. సురక్షిత వలయం క్రమంగా కుంచించుకుపోతుంది. చివరకు మిగిలిన జట్టు గెలిచినట్టు. పెద్ద పటంపై ఒక ఆట పూర్తిగా సాగితే సుమారు అరగంట పడుతుంది. ఈ అరగంటలో ఎప్పుడైనా ఆపవచ్చునా? ఆపలేరు. జట్టులో మీతోపాటు మరి ముగ్గురున్నారు. మీరు మధ్యలో వదలిపెడితే వారు ఓడిపోతారు, మీ ర్యాంకు పడిపోతుంది. వలయం చివరి దశకు వచ్చిన క్షణంలో తల్లి అన్నానికి పిలిస్తే కుమారుడు పలుకని కారణం అవిధేయత కాకపోవచ్చు. అతడు ముగ్గురు మిత్రులకు మాట ఇచ్చి ఉన్నాడు. తల్లికి ఆ ముగ్గురు కనబడరు.

ఇందులోనే అసలు సూత్రం దాగి ఉన్నది. మధ్యలో ఆపడానికి వీలులేని ఆటను "ఎప్పుడు ఆపాలి" అని ఆలోచించి అదుపులో పెట్టలేము. "ఎప్పుడు మొదలుపెట్టాలి" అనే దగ్గరే నిర్ణయం జరిగిపోవాలి. తొమ్మిదింటికి చదువుకు కూర్చోవలసినవాడు ఎనిమిదీ నలభైకి కొత్త ఆట మొదలుపెడితే, తొమ్మిదింటికి ఆపనందుకు తనను తాను నిందించుకోవడంలో అర్థం లేదు. ఆ వేళ ఎనిమిదీ నలభైకే చేజారినది. ఇల్లు కదలేముందు బస్సు వేళ చూసుకునే మనము, ఆటలోకి దిగేముందు గడియారం చూసుకోము.

దీనికి తోడు ఓడినవాడికి, గెలిచినవాడికి కూడా ఆట చెప్పే మాట ఒకటే, "మరొక్కటి". అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలపైన, ఎలుకలపైన చేసిన ప్రయోగాలలో ఒక విషయం తేల్చినాడు. నొక్కిన ప్రతిసారీ గింజ పడే మీటకంటె, గింజ ఎప్పుడు పడుతుందో తెలియని మీటను ప్రాణి ఎక్కువ పట్టుదలతో నొక్కుతూ ఉంటుంది. పెట్టె తెరిస్తే ఏ తుపాకీ రంగు వస్తుందో తెలియకపోవడం, ఏ ఆటలో విజయం వరిస్తుందో తెలియకపోవడం ఆ మీట వంటివే. పైగా రోజువారీ బహుమతులు, సుమారు రెండు నెలలకొకసారి ముగిసే సీజను, సీజను మారగానే క్రిందికి జారే ర్యాంకు. బ్రాంజ్ నుండి కాంకరర్ వరకు ఉన్న మెట్లన్నీ ఎక్కినవాడు కూడా మళ్ళీ క్రిందినుండి ఎక్కవలసిందే. మన డిగ్రీ పట్టా ఈ విషయంలో కొంచెం మేలు, ఒకసారి చేతికి వచ్చినది తిరిగి పోదు.

ఒక చిన్న లెక్క వేద్దాము. రాత్రికి నాలుగు ఆటలంటే రెండు గంటలు. పదిహేను వారాల సెమిస్టరులో 105 రోజులు. అంటే 210 గంటలు. వారానికి ఐదు పీరియడ్ల చొప్పున ఒక పేపరుకు సెమిస్టరు మొత్తం మీద జరిగే తరగతులు 75. రాత్రికి నాలుగంటే నాలుగు ఆటలు, దాదాపు మూడు పేపర్ల బోధనాకాలంతో సమానమన్నమాట. భయపెట్టడానికి ఈ లెక్క వేయలేదు. మూడు పేపర్ల కాలం వెచ్చించి చేసేది ఏదైనా, దానివల్ల ఏమి నేర్చుకున్నాము అని అడిగే హక్కు మనకు మనకే ఉన్నది.

ఈ ప్రశ్న దగ్గర అర్జున్ ఇరిగేశి ఉదాహరణ ఉపయోగపడుతుంది. 2003లో పుట్టిన ఈ వరంగల్ యువకుడు 2018లో, పదిహేనేండ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయినాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం సాధించిన జట్టులో ఉన్నాడు. అదే ఏడాది డిసెంబరు జాబితాలో 2800 రేటింగు దాటి, విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ ఘనత పొందిన రెండవ భారతీయుడైనాడు. 2025లో రియాద్ నగరంలో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్పులో చదరంగాన్ని తొలిసారి చేర్చినప్పుడు నాలుగవ స్థానంలో నిలిచినాడు. తుపాకుల ఆటలు ఆడే యువకులున్న అదే వేదికపై, తెరముందు కూర్చుండి, ఒక్కొక్కరికి పది నిమిషాల గడియారంతో ఆడినాడు. కనుక తెరపై ఆడేది ఆట కాదని పెద్దలు ఇక అనలేరు. భారత ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీలలో భాగంగా గుర్తించినది.

అయితే ఒక భేదం గమనించాలి. చదరంగ క్రీడాకారుడు ఒక ఆట ఆడిన తరువాత ఆ ఆటను తిరిగి ముందు పెట్టుకొని, ఏ ఎత్తు దగ్గర దారి తప్పినాడో వెదుకుతాడు. ఆడిన సమయంకంటె ఆ వెదుకులాట సమయమే ఎక్కువ. సాధన అంటే అది. "నేను కూడా ఈ-స్పోర్ట్స్ క్రీడాకారుడను అవుతాను" అనే విద్యార్థిని నేను నవ్వి త్రోసిపుచ్చను. నిన్నటి నాలుగు ఆటలలో ఒక్కదానినైనా తిరిగి చూసినావా, ఎక్కడ ఓడిపోయినావో వ్రాసుకున్నావా అని మాత్రం అడుగుతాను. తిరిగి చూడనివాడు నాలుగు ఆటలు ఆడలేదు, ఒకే ఆటను నాలుగుసార్లు ఆడినాడు. అతనికి అది వినోదమే, సాధన కాదు. వినోదానికి రెండు గంటలు ఎక్కువ. సాధన చేసేవాడు కూడా ఆ మార్గంలో చివరివరకు నడిచేవారు అతి కొద్దిమంది అని తెలుసుకొని, డిగ్రీని చేతిలో ఉంచుకొని నడవాలి.

ఇప్పుడు తెలుగు అధ్యాపకునిగా ఒక మాట విషయమై కొంత ప్రసంగించక తప్పదు. నేటి విద్యార్థులు దేనినైనా 'గేమింగ్' అంటారు. బీజీఎంఐ గేమింగే, డబ్బు పెట్టి ఆడే రమ్మీ కూడా గేమింగే. ఆంగ్లంలో ఈ మాటకు రెండర్థాలున్నవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1974లో వచ్చిన గేమింగ్ చట్టం పేరులోని గేమింగ్‌కు అర్థం జూదమే. తెలుగు ఈ విషయంలో ఎంతో స్పష్టమైన భాష. ఆట వేరు, జూదం వేరు. ఉర్దూలో కూడా ఖేల్ వేరు, జువా వేరు. మన రెండు భాషలు తరతరాలుగా విడదీసి ఉంచినదానిని ఒక పరభాషా పదం కలిపివేసినది. ఈ కలయిక వల్ల వ్యాపారికి లాభం, విద్యార్థికి నష్టం.

'రమ్మీలో నేర్పు ఉన్నది గదా' అనే వాదం కొత్తది కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పెట్టిన కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, కె. సత్యనారాయణకు మధ్య నడిచిన వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు 1967 నవంబరులో రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని చెప్పినది. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారవేయాలో తెలియాలి అని న్యాయస్థానం అభిప్రాయం. అర్ధశతాబ్దం పిమ్మట ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు ఆ నేర్పు వాదాన్నే ఆశ్రయించినవి. తెలంగాణ ప్రభుత్వం 2017లో పాత చట్టాన్ని సవరించి, నేర్పు ఉన్నదా లేదా అనే చర్చకు తావులేకుండా, డబ్బు పందెంగా పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడాన్నే నిషేధించినది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ బాట పట్టినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, సామాజిక వినోద క్రీడలను ఒకవైపు, డబ్బు ఆటలను మరొకవైపు ఉంచి, డబ్బు ఆటలు నడిపేవారికి మూడేండ్లవరకు జైలుశిక్ష, కోటి రూపాయలవరకు జరిమానా విధించవచ్చునన్నది. ఆడినవానిని శిక్షించలేదు, ఆడించినవానిని శిక్షించినది. ఇది సమంజసమే.

నేర్పు వాదానికి మన భారతమే మంచి సమాధానం. సభాపర్వంలో శకుని దుర్యోధనునితో ధర్మరాజు గురించి చెప్పే మాట సారాంశమేమంటే, ఆయనకు జూదంపై మక్కువ ఉన్నది, నేర్పు లేదు. ఈ ఒక్క వాక్యం మీద నేటి డబ్బు ఆటల వ్యాపారమంతా నిలిచి ఉన్నది. మక్కువ ఉండి నేర్పు లేనివారే దానికి పెట్టుబడి. ఓడిన సొమ్ము రాబట్టుకోవడానికి మళ్ళీ పందెం వేయడం, చేతిలో లేకపోతే ఫోనులోనే దొరికే అప్పు యాప్‌లను ఆశ్రయించడం ఆ తరువాతి మెట్లు. ఆ యాప్‌ల వేధింపులపై 2020 చివరలో తెలంగాణ పోలీసులు వరుసగా కేసులు పెట్టి అరెస్టులు చేసినది మీలో కొందరికి గుర్తుండవచ్చు. సమతూకం అనే మాట ఆటకు వర్తిస్తుంది, జూదానికి వర్తించదు. కొంచెం జూదం, కొంచెం చదువు అనే తక్కెడ లేదు.

సాంఘిక జీవనం విషయానికి వస్తే, ఆన్‌లైన్ ఆట మనిషిని ఒంటరిని చేస్తుందని అందరూ అంటారు. ఇది సగం సత్యం. ఝరాసంగం మండలంలోని ఒక పల్లె విద్యార్థి బీదరులోనో, హైదరాబాదులోనో ఉన్న ముగ్గురితో ప్రతిరాత్రి మాట్లాడుతున్నాడు. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం కలగలిసిన ఆ సంభాషణలో ఒక స్నేహం ఉన్నమాట నిజమే. ఇంటర్ పూర్తయి చెల్లాచెదురైన మిత్రబృందాన్ని కలిపి ఉంచేది చాలా సందర్భాలలో ఆ ఆటే. కాని ఆ స్నేహం ఆట ఉన్నంతసేపే మాట్లాడుతుంది. మాటలలో సగం శత్రువు ఎటువైపు ఉన్నాడు అన్నదే. మిత్రుని తండ్రికి ఆరోగ్యం బాగాలేదని నెల తరువాత తెలిసే స్నేహం అది. ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన చదరంగపు ఆటగాళ్ళ కథలో మీర్జా, మీర్ ఇద్దరూ లక్నో జాగీర్దార్లు, ప్రాణమిత్రులు. పగలు రాత్రి ఎదురెదురుగా కూర్చుంటారు. రాజ్యం ఆంగ్లేయుల పరమవుతున్నా లేవరు. చివరకు ఆటలో వచ్చిన తగవుకు ఒకరినొకరు పొడుచుకొని మరణిస్తారు. సత్యజిత్ రే 1977లో దీనిని చలనచిత్రంగా తీసినప్పుడు వారిని బ్రతికించినాడు, అది వేరే సంగతి. చదరంగం వారి శత్రువు కాదు. అదే చదరంగం హంపిని 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేతను చేసినది. జాగీర్దార్ల ఆటకు గడియారం లేదు, హంపి ఆటకు ఉన్నది.

ఈ సందర్భంలో విద్యార్థినుల మాట కూడా చెప్పాలి. ఆటల వ్యసనం గురించిన చర్చ అంతా అబ్బాయిల చుట్టూ తిరుగుతుంది. పెక్కు ఇండ్లలో అమ్మాయి చేతికి ఫోను వచ్చేది తమ్ముడు ఆడి ఆడి విసిగిన తరువాత, బ్యాటరీ పదిశాతం మిగిలినప్పుడు. ఆమె నోట్సు దిగుమతి చేసుకోవడానికి ఆ పదిశాతమే దిక్కు. ఇంట్లో ఫోను ఒకటే అయినప్పుడు రాత్రి నాలుగు ఆటలు కేవలం ఆడేవాని కాలం మాత్రమే కాదు.

ఆచరణలో ఏమి చేయవచ్చునంటే, జట్టులోని నలుగురూ కలిసి నిర్ణయం తీసుకోవడం అన్నింటికంటె ఉత్తమం. ఒక్కడు మానుకుంటే మిగతా ముగ్గురు పిలుస్తూనే ఉంటారు. నలుగురూ "తొమ్మిది తరువాత కొత్త ఆట మొదలుపెట్టము" అనుకుంటే పిలిచేవాడే ఉండడు. సీజను ముగిసే తేదీ ఆటలోనే కనబడుతుంది. దానిని విశ్వవిద్యాలయపు పరీక్షల పట్టికతో పోల్చి చూసుకోండి. రెండూ ఒకే వారంలో వస్తే, ర్యాంకు ఆ సీజనుకు వదులుకొనక తప్పదని ముందే తెలుస్తుంది, ముందే తెలిసినప్పుడు బాధ తక్కువ. ఇంట్లోవారికి ఒక ఆట ఎంతసేపో చెప్పి మొదలుపెట్టండి. అరగంట అని చెప్పి అరగంటకు లేచి వచ్చే కుమారుని తల్లి మధ్యలో పిలువదు. నిద్ర విషయంలో మాత్రం బేరం లేదు. పగలు చదివినది మనస్సులో స్థిరపడేది నిద్రలోనే గనుక, నిద్ర తగ్గించి చదువుకు, ఆటకు రెండింటికీ వేళ సమకూర్చుకున్నానని సంతోషించేవాడు రెండు చోట్లా నష్టపోతాడు.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. సాయంత్రం నాలుగు గంటలకు తరగతులు ముగిసి, బస్సు వచ్చేవరకు విద్యార్థులు గోడవారగా నిలబడి తెరిచేది ఫోనే. మరొకటి తెరవడానికి మనమేమి ఇచ్చినాము? ఒక గదిలో పది చదరంగం బల్లలు, రెండు క్యారం బోర్డులు, వీలైతే నాలుగు చదరంగ గడియారాలు ఉంచితే వ్యయం పెద్దది కాదు. వార్షిక క్రీడోత్సవాలలో కబడ్డీ, వాలీబాల్ సరసన చదరంగాన్ని కూడా చేర్చి, విద్యార్థినులకు వేరుగా ఒక పోటీ పెట్టవచ్చు. పాల్గొనే ప్రతివారూ తమ ఎత్తులను కాగితంపై వ్రాసి ఇవ్వాలనే నియమం ఉంచితే, ఆ కాగితాలను మరునాడు తిరిగి చూపించి చర్చించే బాధ్యత మా అధ్యాపకులలో ఎవరో ఒకరం తీసుకుంటాము.